చేతికివ్వని ఉప్పు

మా అత్తవారింట్లో ఉప్పు చేతికివ్వరు. అడిగినవాళ్ళ ముందు గిన్నె కింద పెడితే వాళ్ళే తీసుకోవాలి. చేతికిస్తే తగవొస్తుందని చాలా ఇళ్ళలో అంటారు కానీ, తరతరాలుగా సముద్రపొడ్డున ఉప్పు పండించిన కుటుంబం కాబట్టి మా అత్తగారికి ఈ పట్టింపు నలుగురికన్నా ఎక్కువ. కాపురానికి వచ్చిన కొత్తలో, రసాయనశాస్త్రంలో డాక్టరేటు చేశానన్న గీరతో, సోడియం క్లోరైడుకి తగవులు పెట్టే గుణం లేదని చెప్పబోయాను. ఆవిడ నవ్వి, డిగ్రీ నా దగ్గరే ఉంచుకుని ఉప్పు మాత్రం కింద పెట్టమన్నారు. పెట్టాను. అప్పటినుంచీ పెడుతూనే ఉన్నాను.

మా ఆయన భావనారాయణ కరెంటు లైన్ ఇన్‌స్పెక్టరు. నేను అయాన్ల వెంట, ఆయన కరెంటు వెంట తిరుగుతాం కాబట్టి ఇద్దరిదీ ఒకటే కులమని నవ్వుకునేవాళ్ళం. పగలంతా తీగలతో కుస్తీ పట్టే మనిషికి ఒళ్ళు తెలియని నిద్ర పట్టాలి. ఆయనకి పట్టేది కాదు. పట్టినా తెల్లవారుజామున ఒకటే కల. చిన్నతనంలో ఉప్పెన వచ్చి వాళ్ళ ఉప్పుమడుల కొఠారును ముంచేసిన రోజు అది. నీళ్ళు గోడలా లేస్తాయి. చెల్లెలు నాంచారి చెయ్యి ఆయన చేతిలోంచి జారిపోతుంది. కేక పెట్టి లేస్తారు.

ఆ ఉప్పెనలో ఇల్లూ, పెట్టెలూ, ఫొటోలూ అన్నీ కొట్టుకుపోయాయి. నాంచారి బొమ్మ కాగితం మీద ఎక్కడా మిగల్లేదు. అత్తగారు కూడా పోవలసినవారే. నీళ్ళలో స్పృహ తప్పిపోతే, కొంగు ఒక తాటిమొద్దుకి చుట్టుకుని బతికారట. ఆ మొద్దు ఇప్పటికీ పాత కొఠారు గట్టున ఉంది. ఏటా ఆ రోజున ఆవిడ వెళ్ళి దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి వస్తారు.

ఆయన కేకకి అందరికన్నా ముందు లేచేది అత్తగారే. మంచినీళ్ళ చెంబు అందిస్తారు, కొడుకు మొహం చెంగుతో తుడుస్తారు, ఊపిరి కుదుటపడేదాకా ఆగుతారు. తర్వాత మెల్లిగా అడుగుతారు.

"ఇయ్యాల ఎట్టా ఉందిరా?"

ఆయన చెబుతారు. పచ్చ పరికిణీ కట్టుకుంది. ఉప్పుకుప్ప ఎక్కి జారుతోంది. మోకాలు గీరుకుంది, ఏడవలేదు. పొరుగూరిలో కాపురం చేసుకుంటున్న కూతుర్ని చూసొచ్చిన మనిషి చెప్పినట్టు ఆయన చెబుతారు, ఈవిడ వింటారు. ఆ పిల్ల ఒక్కసారి కూడా తల్లి కలలోకి రాలేదు. "నా మీద అలిగింది" అనేవారు అత్తగారు. కొడుకు పీడకలలో వాటా అడిగే తల్లేమిటని మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఆ తర్వాత అలవాటైంది. ఆ ఇంట్లో తెల్లవారడమంటే అదే.

ఒకరోజు ఆయన స్తంభం మీదే కునుకు తీశారు. నడుముకి తాడు ఉండబట్టి దక్కారు. ఇక ఊరుకోకూడదని ఆ సాయంత్రమే నిశ్చయించుకున్నాను.

మా పరిశోధనశాల కొత్త కొఠార్లను ఆనుకుని ఉంటుంది. అక్కడ కట్టింది ఉప్పునీటి కోసమే. మేం తయారుచేసేది కృత్రిమ జియోలైటు. ఇసుకలో, బంకమట్టిలో దొరికే సరుకుతోనే అల్లిన స్ఫటికం. లోపలంతా కంటికి ఆనని గదులు, గదికో సోడియం. ఆ గది కిటికీలో పట్టే ఇంకో అయాను వచ్చినప్పుడు, అది నచ్చితే స్ఫటికం దాన్ని ఉంచుకుని సోడియాన్ని బయటికి పంపేస్తుంది.

దీన్ని అత్తగారికి నేను పప్పుతో చూపించాను. మా బోరు నీళ్ళలో కందిపప్పు ఎంతకీ ఉడకడం లేదని ఆవిడ విసుక్కుంటుంటే, ఒక గరాటులో మా స్ఫటికాల పూసలు పోసి, ఆ నీళ్ళు వాటిగుండా దించి ఇచ్చాను. పప్పు వెన్నలా ఉడికింది. ఆవిడ గరిటెతో నలిపి చూసి, ఏం తీసుకుంది, ఏం పెట్టింది అని అడిగారు. సున్నం తీసుకుని ఉప్పు పెట్టిందన్నాను.

"అట్టా చెప్పు. ఊరకే చేసేవాళ్ళు ఎవురుండారు లోకంలో?" అని, ఆ పప్పు మాకు వడ్డించి తను ఉప్పులేని మజ్జిగతో తిన్నారు. ఆవిడకి రక్తపోటు. డాక్టరు ఉప్పు మాన్పించి ఎన్నో ఏళ్ళయింది. ఉప్పు పండించిన చేత్తో చప్పిడి ముద్ద కలుపుకుంటుంటే చూడలేకపోయేదాన్ని.

భయంతో నిద్రపోయే మనిషి నుదుటి చెమటలో ఇంకేదో ఉంటుందని మా ల్యాబులో అప్పటికే కనిపెట్టాం. విద్యుదావేశమున్న చిన్న అణువు, తనలో తాను మెలికపడి ఉంటుంది. దాన్ని ముడి అని పిలుచుకునేవాళ్ళం. ఎవరి భయానికి వారిదే ముడి. మా ఆయన నుదుటి చెమట దూదితో అద్ది పట్టుకెళ్ళాను. ఆ ముడి చుట్టూ స్ఫటికాన్ని పెంచి, కొలిమిలో పెట్టి ముడిని కాల్చేశాం. దాని ఆకారంలో ఖాళీ మిగిలింది. మా కష్టమంతా ఆ ఖాళీ కోసమే. అలాంటి ఖాళీలు నిండుగా ఉన్న పూసల్ని దిండులో కుట్టి ఆయన తల కింద పెట్టాను.

మర్నాడు ఆయన్ని తట్టి లేపవలసి వచ్చింది. మా పెళ్ళయ్యాక అదే మొదటిసారి. నుదుటి మీద సన్నటి ఉప్పుపొర తెల్లగా మెరుస్తోంది. దిండు ముడిని ఉంచుకుని సోడియాన్ని ఇచ్చేసింది. తడిగుడ్డతో తుడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

అత్తగారు చెంబుతో వచ్చారు. ఎట్టా ఉందిరా అని అడిగారు. కలేమీ రాలేదమ్మా అన్నారాయన. "మంచిదే" అని ఆవిడ చెంబు తీసుకుని వెనక్కి వెళ్ళారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. తర్వాత అడగడం మానేశారు, చెంబు తేవడం మాత్రం మానలేదు. నా కొడుకు నిద్రపోతున్నాడు, నాకింకేం కావాలి అని కనబడిన ప్రతివాళ్ళతోనూ చెప్పారు. అన్నిసార్లు చెబుతుంటేనే నాకు అనుమానం వచ్చింది.

ఒకనాడు భోజనాల దగ్గర ఆయన ముద్ద చేతిలో పట్టుకుని, "నాంచారికి మచ్చ ఏ చెంప మీదమ్మా?" అన్నారు. అత్తగారు తన చెంపలు రెండూ తడుముకుని, ఏదో తేల్చుకోలేకపోయారు. ఇన్నేళ్ళూ కొడుకు చెబుతుంటే వినడమే తప్ప ఆవిడ తన దగ్గర ఏమీ దాచుకోలేదు. పిల్ల మొహం ఇద్దరి దగ్గరా లేదు. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే నేను చేసిన వైద్యం నాకే చేదుగా అనిపించింది.

వాడగా వాడగా దిండు నిండిపోతుంది. దాన్ని మళ్ళీ ఖాళీ చేయాలంటే గాఢమైన ఉప్పునీటిలో కడగాలి. స్ఫటికానికి ముడి అంటే ప్రాణం, సోడియమంటే చులకన. ప్రాణమైనదాన్ని వదిలించాలంటే చులకనైనదాన్ని గంపలకొద్దీ తెచ్చి పోయడం ఒక్కటే దారి. ఆ పని అత్తగారు తానే చేస్తానన్నారు. ముదురు నీళ్ళ సంగతి నాకన్నా ఆవిడకే బాగా తెలుసు. కడిగిన నీళ్ళు ల్యాబు వెనకాల మూతవేసిన తొట్టిలో పారబోయాలని చెప్పాను. ఆవిడ తలూపారు.

ఎండలు ముదిరాయి. కొఠార్ల మీద గాలి నీళ్ళలా ఆడుతూ, దూరాన ఉప్పుకుప్పలు నేలను విడిచి కాస్త పైకి లేచినట్టు కనబడే రోజులు. మా పెరట్లోనూ ఒక చిన్న ఉప్పుమడి తయారైంది. మంచమంత కూడా ఉండదు. అత్తగారు పొద్దున్నే దాన్ని పలకతో లాగి ఉప్పు ఒడ్డుకి చేరుస్తుంటే, పుట్టింటి పని మీద బెంగ పెట్టుకున్నారు కాబోలనుకున్నాను. వీధిలో అందరూ ఊరగాయలు పెడుతున్నారు. ఆ ఉప్పు ముంతల్లో పోసి ఇంటింటి గుమ్మంలోనూ పెట్టి వచ్చారావిడ.

కొన్నాళ్ళకి పక్కింటి తిరపతమ్మ పొద్దున్నే వచ్చి గుమ్మంలో కూర్చుంది. కొఠార్లలో పనిచేసే మనిషి, అత్తగారిని పెద్దమ్మా అని పిలుస్తుంది. రాత్రి కలలోకి ఎవరో పిల్ల వచ్చిందని చెప్పింది. పచ్చ పరికిణీ అట. ఉప్పుకుప్ప ఎక్కి జారుతోందట.

అత్తగారు చేతిలోని చెంబు కింద పెట్టేశారు. ఆవిడ తిరపతమ్మ పక్కనే నేలమీద చతికిలబడి, "మచ్చ ఏ చెంపకుందే?" అని అడిగారు.

"కుడి చెంపకి పెద్దమ్మా. నవ్వితే మచ్చ కూడా కదులుద్ది."

ఆ మర్నాడు పాలాయన చెప్పాడు. తర్వాత మిషను కుట్టే సాయిబు గారు, ఆయన భార్య కూడా చెప్పారు. వీధి వీధంతా నాంచారి తిరగడం మొదలుపెట్టింది. పొద్దున్నే మా గుమ్మంలో జనం, ఒకరి తర్వాత ఒకరు, నిద్రమొహాలతో, ఇంకా కలలోనే ఉన్నట్టు మాట్లాడేవాళ్ళు. పిల్ల చింతపిక్కలాడిందని ఒకరు, పీతని దారం కట్టి నడిపించిందని ఒకరు. ఎవరూ భయం గురించి చెప్పేవారు కాదు. ఇంతమందికి పంచడంతో భయం పలచబడింది, పిల్ల మాత్రం పలచబడలేదు. కలకి అంత సొగసు ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది, ఎందుకంటే ఒక రాత్రి నాకూ వచ్చింది. తెల్లటి నేల, తెల్లటి ఆకాశం, మధ్యలో ఒక పచ్చ చుక్క నా వైపు పరిగెత్తుకొస్తోంది. నీళ్ళు రాకముందే మెలకువ వచ్చేసింది.

అత్తగారు మాత్రం చప్పిడి తిండి తింటూ అందరి కలలూ వినేవారు. మా ఆయన మధ్యాహ్నం ఊరగాయతో ఆ ఉప్పు తిన్నా, రాత్రి దిండు దాన్ని మళ్ళీ లాక్కునేది. ఊరంతటిలో నాంచారిని చూడనిది ఆ పిల్ల తల్లీ, అన్నే.

ఆ ముచ్చట ఎన్నాళ్ళో సాగలేదు. తిరపతమ్మ మనవరాలు నీళ్ళంటే బెదిరి స్నానానికి రానని స్తంభం పట్టుకుని ఏడ్చింది. పెద్దవాళ్ళకి చిటికెడైన భయం పసిదానికి గుప్పెడు. నేను ఊరగాయలోని ఉప్పు కాస్త కరిగించి ల్యాబులో కొత్త పూసలగుండా దించాను. ముడి దొరికింది. ఇంటికొచ్చి అత్తగారిని అడిగాను. దిండు కడిగిన నీళ్ళే మడిలో పోశానని ఆవిడ దాచకుండా చెప్పారు.

"అంత ముదురు నీళ్ళు ఎట్టా పారబొయ్యమంటావే? మా నాయనైతే నా చేతులు ఇరగ్గొట్టేవాడు. అన్నం పారేసినట్టు గందా అది."

కోపం రావలసింది, రాలేదు. ఉప్పు పండించే ఇంట్లో పుట్టిన మనిషికి కాక ఇంకెవరికీ అలాంటి పొరపాటు చేతకాదు.

ఉప్పు వెనక్కి తీసుకోవడానికి నేనే ఇంటింటికీ బయల్దేరాను. తిరపతమ్మ నన్ను కుళాయి దగ్గర ఆపింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది. పెద్దమ్మకి వాళ్ళెవరూ కల మొత్తం చెప్పడం లేదట. కలలో ఒక చేతిలో పిల్ల చెయ్యి ఉంటుంది. రెండో చేతిలో చీరకొంగు ఉంటుంది, ఆ చీరలో స్పృహ లేని తల్లి ఉంటుంది. ఎదురుగా తాటిమొద్దు. కొంగు మొద్దుకి కట్టాలంటే రెండు చేతులూ కావాలి.

"జారలేదమ్మా, వొదిలాడు" అంది తిరపతమ్మ. "కానీ అది తప్పు గాదు. మాకు తెలవదా? రోజూ రాత్రి వొదుల్తుండేది మా చెయ్యే గందా."

ఆ వీధి మొత్తానికి తెలుసు. ఒకరితో ఒకరు అనుకోకుండానే అందరూ ఆ ఒక్క ముక్క మింగేసి, చింతపిక్కలూ పీతలూ మాత్రం మోసుకొచ్చారు. నాకు వాళ్ళందరి కాళ్ళకీ దణ్ణం పెట్టాలనిపించింది.

మా ఆయనకి చెప్పాను. అమ్మ చూస్తుండగా ఆయన ఒక్కరోజు కూడా తలెత్తుకుని అన్నం తినకపోవడం ఆయన స్వభావమని ఇన్నాళ్ళూ అనుకున్నాను, ఎందుకో అప్పుడు తెలిసింది.

"దిండు నాంచారిని తీసేసుకుంది, వదిలిన సంగతి మాత్రం నాకే ఉంచింది" అన్నారాయన. "ఆ ఉప్పు అమ్మ నోట్లో పడిందంటే ఇక నేనావిడకి కనబడలేను."

సాయంత్రానికి మా అరుగు నిండిపోయింది. ఎవరూ చేతికివ్వలేదు. ముంతలు, గ్లాసులు, పాలడబ్బాలు, ఒక అత్తరు సీసా, అన్నీ నిశ్శబ్దంగా తెచ్చిపెట్టి వెళ్ళారు. అన్నింటినీ బస్తాలోకి ఎత్తి తొట్టిలో కలిపేస్తే పని అయిపోతుంది. ఆయన బస్తా తెచ్చారు. అత్తగారు ఆ గిన్నెల మధ్య కూర్చుని ఉన్నారు. ఎండ వాలి ఉప్పంతా లేత నారింజరంగు పట్టింది.

"అమ్మాయ్, నేను తింటే నాకూ కనపడుద్దా?" అని నన్నడిగారు.

అబద్ధం చెప్పడానికి నాకు బోలెడంత శాస్త్రం ఉంది. రక్తపోటు ఉండనే ఉంది. కానీ ఆవిడ మొహం చూస్తూ నావల్ల కాలేదు. కనపడుతుంది అత్తయ్యా అన్నాను.

"ఊరంతా చూసింది నా బిడ్డని. పాలోడు చూశాడు, సాయిబు చూశాడు. నేనే చూడలా."

ఆయన బస్తా పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఇప్పుడు డాక్టరు మాట ఎత్తుతారు, నేను వంత పాడాలి అనుకుంటున్నాను. ఆయన బస్తా కింద పెట్టారు. ఒక ముంతలోంచి చిటికెడు తీశారు. తల్లి ముందు గిన్నె ఏదైనా పెట్టి అందులో వేస్తారనుకున్నాను. వేయలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని తిప్పి, అరచేతిలో పెట్టారు.

అత్తగారు ఉలిక్కిపడి, "ఒరే, చేతికిస్తే తగువొస్తది" అన్నారు.

"రానీ అమ్మా" అన్నారాయన.

ఆవిడ కొడుకుని ఒక్క క్షణం పరకాయించి చూశారు. ఆ చిటికెడూ మజ్జిగన్నంలో కలుపుకుని, ఆఖరి మెతుకుదాకా తిని, పడుకోవడానికి వెళ్ళిపోయారు.

ఆయన ఆ రాత్రి దిండు జోలికి పోలేదు, మంచం జోలికీ పోలేదు. తెల్లవారేసరికి అరుగు మీద ఉన్నారు, శిక్ష వినడానికి వచ్చినవాడిలా మోకాళ్ళు దగ్గరకు పెట్టుకుని. నేను మంచినీళ్ళ చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఎవరికివ్వాలో నాకు తెలియలేదు. లోపల్నుంచి కేక వినబడలేదు. చాలాసేపటికి అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చారు. కళ్ళు వాచి ఉన్నాయి. కొడుకు పక్కన కూర్చున్నారు.

ఆయన తల ఎత్తలేదు. ఆవిడ ఆయన ఎడమచెయ్యి తీసుకుని, ముడుచుకున్న వేళ్ళు ఒక్కొక్కటే విప్పారు.

"ఈ చెయ్యేనా నా కొంగు పట్టుకుంది?"

ఆయన తలూపారు.

"దాన్ని వొదిలిన చెయ్యి నొప్పనుకుంటా ఉండావా నువ్వు? రాత్రంతా చూశాగా. వొదిలింది కాదురా, పట్టుకున్న చెయ్యే నొప్పి. ఇప్పటికీ లాగతా ఉంది నాకు, ఇదిగో, ఈడదాకా." ఆవిడ తన మోచెయ్యి చూపించారు. ఆయన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "ఇన్నేళ్ళూ పొయ్యి పొయ్యి మొద్దుకి పసుపు రాశాను గదరా" అన్నారు.

ఆయన తల్లి ఒడిలో మొహం పెట్టుకుని ఏడ్చారు. అంత పెద్ద మనిషి, స్తంభాలెక్కే మనిషి. ఆవిడ వీపు నిమురుతూ ఉన్నారు. నేనూ గుమ్మానికి జారగిలబడి ఏడుస్తూనే ఉన్నాను. వీధిలో తలుపులు తెరుచుకుంటున్నాయి, కానీ ఆ పొద్దున ఎవరూ మా గుమ్మంలోకి రాలేదు.

ఏడుపు తగ్గాక ఆయన లేచి కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నారు. నేను చెంబు అందిస్తే రెండు గుక్కలు తాగి, తల్లి చేతిలో పెట్టారు. ఆవిడా తాగారు. అప్పుడు ఆయన, చిన్నపిల్లాడి గొంతుతో, మెల్లిగా అడిగారు.

"ఎట్టా ఉందమ్మా?"

అత్తగారు చెంబు కింద పెట్టి, కాళ్ళు బారజాపుకుని, చెప్పడానికి సర్దుకుని కూర్చున్నారు.

"పచ్చ పరికిణీ కట్టుకుంది. ఒక జడకి రిబ్బను ఊడిపోయి యాలాడతా ఉంది. ఆ పొద్దున తొందరలో నేనే సరిగ్గా కట్టలా."